ఇలకూరకు బట్టీ పెట్టొచ్చా?

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ ఊరి ఉప్పు మడుల గట్ల మీద ఇలకూర, వంగరెడ్డికూర బండ్లకొద్దీ పెరుగుతుందట. సముద్రపు ఒడ్డున పెరిగే తినే మొక్కల సుగంధ తైలాల్లో యాంటీ ఆక్సిడెంట్ గుణం, అంటే ఆక్సిజన్ తగిలి చెడిపోకుండా ఆపే గుణం, బాగా ఉంటుందని ఎక్కడో చదివారట. పొదుపు సంఘంలో పదిమంది కలిసి డిస్టిలేషన్ యూనిట్, అంటే ఆవిరితో తైలం తీసే బట్టీ, పెట్టి ఆ తైలం అమ్మితే ఎలా ఉంటుంది, తాము చేసే ఎండుచేపలకూ రొయ్యల పచ్చడికీ నిల్వమందు బదులు అదే వాడుకోవచ్చా అని అడిగారు. యూనిట్ అమ్మే ఆయన మూడున్నర లక్షలు చెబుతున్నాడట, అడ్వాన్సు ఈ నెలాఖరుకల్లా కట్టమంటున్నాడట.

అమ్మా, ఆ అడ్వాన్సు మాత్రం కట్టబాకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను కావలి దగ్గర పంతొమ్మిదేళ్ళుగా నిమ్మగడ్డి తైలం బట్టీ నడుపుతున్నాను. అంతకుముందు చెన్నైలో అత్తరు సరుకు తయారుచేసే ఒక కంపెనీ ల్యాబులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. బట్టీ పెట్టిన కొత్తలో ఊళ్ళో కొందరు సారా బట్టీ అనుకుని నెలరోజులు అటువైపు ఆశగా చూసేవాళ్ళు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీకొచ్చిన ఆలోచన నాకూ వచ్చింది. నేను చేసి చూశాను కూడా.

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మన ఉప్పునేల కూరల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయా అంటే, ఉన్నాయి, బాగానే ఉన్నాయి. వాటి సుగంధ తైలంలో ఉన్నాయా అంటే, అసలు తైలమంటూ వస్తే కదా.

రెండేళ్ళ క్రితం సంక్రాంతి వెళ్ళాక ఇస్కపల్లి దగ్గర నలభై కిలోల ఇలకూర కోయించాను. కార్తీక మాసపు వానలు వెనకపట్టాక వచ్చిన లేత చిగురు, గిల్లితే పుటుక్కున తెగేంత లేత. బట్టీలో వేసి సర్కారు తుమ్మ కట్టెలతో మూడు గంటలు ఆవిరి పట్టించాను. నిమ్మగడ్డి అయితే అరగంటకల్లా సెపరేటర్ గాజులో పసుపు తైలం వేలిమందాన తేలుతుంది. ఇలకూరకు రెండు గంటలు దాటినా గాజులో నీళ్ళే. ఆ నీళ్ళకు ఉడికిన ఆకుకూర వాసన, కాస్త నాచు వాసన, అంతే. చివరికి టార్చిలైటు వేసి పక్కనుంచి చూస్తే నీటి మీద సన్నటి మెరుపు కనిపించింది, వానగుంటలో కిరసనాయిలు చుక్క పడితే రంగులు పొరలాగా విచ్చుకుంటాయే, అలాంటిది. సిరంజితో లాగితే సిరంజి గోడకే అంటుకుపోయింది, సీసాలోకి చుక్క కూడా రాలేదు. పైపెచ్చు బట్టీ అడుగున ఉన్న ఇనప జల్లెడ ఆ ఉప్పు తిని వారానికే తుప్పెక్కింది. ఆ జల్లెడ ఖర్చు వేరే.

కారణం మొక్క పుట్టుకలోనే ఉంది. ఇలకూర, అంటే సుయేడా మారిటిమా, తోటకూర కుటుంబానిది. పాలకూర, బీట్‌రూట్ కూడా దానికి చుట్టాలే. పాలకూర నలిపితే వాసన ఏమొస్తుంది? పచ్చి వాసన తప్ప ఏమీ రాదు. సుగంధ తైలం దాచుకోవడానికి మొక్కకు ప్రత్యేకమైన తిత్తులో, నాళాలో, నూగులో ఉండాలి. తులసి ఆకు మీద నూగులో, నిమ్మతొక్కలో తిత్తుల్లో, సోంపు గింజలో గీతలు గీతలుగా ఉండే నాళాల్లో తైలం ఉంటుంది. ఇలకూరకు అలాంటి అర లేదు. ఉప్పునేలలోనే పెరిగే కొయ్యలకూరకూ లేదు. వంగరెడ్డికూర గలిజేరు జాతికి దగ్గర చుట్టం. దాని ఆకుల నుంచి కొద్దిగా తైలం తీసి, అందులో ఆల్ఫా పైనీన్, లిమొనీన్, సినియోల్ లాంటి వాసన పదార్థాలు ఉన్నాయని ఆఫ్రికా శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. పరిశోధనకు నాలుగు చుక్కలు చాలు. పదిమంది ఆడవాళ్ళ కూలి గిట్టాలంటే చాలవు.

మీరు చదివింది బహుశా సీ ఫెనెల్ గురించి అయ్యుంటుంది. క్రిత్మమ్ మారిటిమమ్ అని శాస్త్రీయ నామం. మధ్యధరా సముద్రం చుట్టూ, యూరప్ పడమటి తీరంలో రాళ్ళ సందుల్లో ఉప్పు తుంపరలు మీద పడుతున్నా పెరిగే మొక్క. కండగల ఆకు, చూపుకు మన వంగరెడ్డికూరలాగే ఉంటుంది. అక్కడివాళ్ళు వెనిగర్లో ఊరబెట్టి తింటారు. వెనకటి రోజుల్లో నావికులు చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు రాకుండా ఓడల్లో పెట్టుకుపోయేవాళ్ళు. కానీ అది పుట్టింది కొత్తిమీర, వాము, సోంపుల కుటుంబంలో. అందుకే దానికి తైల నాళాలు ఉన్నాయి, ఆకు నలిపితే గుప్పుమంటుంది. ఉప్పు గాలిలో పెరగడం రెండింటికీ ఉమ్మడి గుణం, తైలం మాత్రం ఇంటిపేరుతో వస్తుంది. పైగా ఆ సీ ఫెనెల్ తైలమైనా ఊరూరికీ మారుతుంది. ఒకచోట లిమొనీన్ ఎక్కువ, ఒకచోట గామా టెర్పినీన్, థైమాల్ మిథైల్ ఈథర్, ఇంకోచోట డిల్లాపియోల్. ఒక తీరంలో తీసిన తైలం గురించి రాసిన మాట పక్క తీరానికే సరిగ్గా అతకదు, మన ఇస్కపల్లికి ఎక్కడ అతుకుతుంది?

ఇక్కడ ఎసెన్షియల్ ఆయిల్ అనే పేరు గురించి ఒక మాట. ఎసెన్షియల్ అంటే ఒంటికి అత్యవసరం అని చాలామంది అనుకుంటారు. అది ఎసెన్స్ నుంచి వచ్చిన మాట, మొక్క వాసన సారం అని అర్థం, అంతే. అమ్మేవాళ్ళు ఈ పొరపాటును దిద్దరు, వాళ్ళకెందుకు?

బట్టీ ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. ఆవిరి ఆకుల్లోంచి పోతూ ఎగిరిపోగల తేలికపాటి అణువులను మాత్రమే తనతో మోసుకుపోతుంది. విడిగా కాస్తే నూట యాభై, రెండు వందల డిగ్రీల దగ్గర గాని మరగనివి కూడా నీటి ఆవిరితో జతకలిస్తే వంద డిగ్రీల లోపే లేచిపోతాయి. కండెన్సర్లో చల్లబడ్డాక తైలం నీటితో కలవదు కాబట్టి పైకి తేలుతుంది. ఎగరలేనివి, నీళ్ళలో కరిగేవి బట్టీ అడుగునే ఉండిపోతాయి. ఇప్పుడు ఇలకూరలో యాంటీ ఆక్సిడెంట్లు ఏవో చూడండి. ఉప్పు ఎక్కువైతే మొక్క కణాల్లో ఆక్సిజన్ చిలిపి రూపాలు పుట్టి కణాన్ని లోపలినుంచే కాల్చేస్తుంటాయి. వాటిని అణచడానికి మొక్క ఫినోలిక్ ఆమ్లాలు, ఫ్లేవనాయిడ్లు తయారుచేసుకుంటుంది, విటమిన్ సీ నిల్వ పెట్టుకుంటుంది. ఎండాకాలం వచ్చేసరికి ఉప్పు మడుల పక్కన ఇలకూర ఎర్రబారుతుందే, ఆ ఎరుపు బీట్‌రూట్‌లో ఉండే బీటాసయనిన్ జాతి రంగు, అదీ యాంటీ ఆక్సిడెంటే. వీటిలో ఒక్కటి కూడా ఆవిరితో ఎగరదు.

కాబట్టి ఆ రోజు నేను గాజు సెపరేటర్ ముందు కూర్చుని చుక్క కోసం ఎదురుచూస్తుంటే, నేను వెతికేదంతా బట్టీ అడుగున డికాషన్ రంగు నీళ్ళలో ఉండిపోయింది. ఆ నీళ్ళు పారబోయబోతూ ఎందుకో ఒక సీసా పట్టి ఉంచాను.

తర్వాతి వారం నాకు తెలిసిన కెమిస్ట్రీ లెక్చరరు గారి దగ్గరికి మూడు సీసాలు తీసుకెళ్ళాను. ఒకటి నా నిమ్మగడ్డి తైలం, ఒకటి వాము తైలం, మూడోది ఈ ఇలకూర బట్టీ అడుగు నీళ్ళు. డీపీపీహెచ్ అని ఒక రసాయనం ఉంటుంది. మిథనాల్లో కలిపితే నేరేడుపండు రంగు. దానికి యాంటీ ఆక్సిడెంట్ తగిలితే రంగు పోయి లేత పసుపు తిరుగుతుంది. చీకట్లో అరగంట ఉంచి, 517 నానోమీటర్ల కాంతి దగ్గర ఎంత రంగు పోయిందో యంత్రంలో కొలుస్తారు. మా మూడింటిలో ఇలకూర నీళ్ళు పోసిన గొట్టం ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోపే రంగు విరగడం మొదలెట్టింది. వాము తైలం గొట్టం మెల్లగా పసుపు తిరిగింది. పంతొమ్మిదేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న నిమ్మగడ్డి తైలం గొట్టం దాదాపు అలాగే నేరేడు రంగులో కూర్చుంది. లెక్చరరు గారు నవ్వి, "నీ సరుకు వాసనకే గాని వ్యవహారానికి పనికిరాదయ్యా" అన్నారు.

వాము ఎందుకు నెగ్గింది, నిమ్మగడ్డి ఎందుకు ఓడింది? కొవ్వు పాడవడం ఒక గొలుసు. ఒక కొవ్వు అణువు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి చెడితే అది పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఇంకోదాన్ని. ఆ గొలుసు తెగాలంటే ఎవరో ఒకరు తన హైడ్రోజన్ ఇచ్చేసి, తాను మాత్రం నిబ్బరంగా నిలబడాలి. ఫినాల్ అనే అమరిక ఉన్న అణువులకు ఆ చేవ ఉంటుంది. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, ఒరెగానోలో కార్వక్రాల్ అలాంటివి. నిమ్మగడ్డిలో ముఖ్యమైనది సిట్రాల్, అది ఫినాల్ కాదు. మన గూడూరు, పొదలకూరు నిమ్మకాయల తొక్కలో నూటికి సగానికి దగ్గరగా ఉండే లిమొనీన్ కూడా కాదు. ఇంకో రకం ఉంది, గామా టెర్పినీన్. అది ఫినాల్ కాదు గాని, తాను ఆక్సీకరణ చెంది పారా సైమీన్‌గా మారుతూ మధ్యలో వదిలే ముక్క గొలుసును తెంపడానికి సాయపడుతుంది. సీ ఫెనెల్‌లో, మన వాములో అది ఉంది. అదే సీ ఫెనెల్‌లో ఉండే థైమాల్ మిథైల్ ఈథర్ పేరులో థైమాల్ ఉన్నా, ఇవ్వాల్సిన ఆ హైడ్రోజన్ స్థానంలో మిథైల్ కూర్చుంది. పేరు చూసి మోసపోకూడదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. లిమొనీన్ లాంటివి తామే గాలికి చెడిపోతాయి. సగం ఖాళీ సీసాలో ఏడాది నిలవున్న నిమ్మ తైలం ఒంటికి రాస్తే కొందరికి దద్దుర్లు లేస్తాయి, ఆ పని చేసేవి అందులో పుట్టిన పెరాక్సైడ్లు. యాంటీ ఆక్సిడెంట్ అని అమ్మే సీసా తానే ఆక్సిడైజ్ అయి కూర్చుంటుందన్నమాట.

మీకు యూనిట్ అమ్మే ఆయన ఏదో రిపోర్టు చూపించి ఉంటాడు. రిపోర్టుల సంగతి నా ఒంటి మీదికి వచ్చిందే చెబుతాను. బట్టీ పెట్టిన నాలుగో ఏడు ఒక ప్రైవేటు ల్యాబుకు నా తైలం పంపాను. "యాంటీ ఆక్సిడెంట్ యాక్టివిటీ 92 శాతం" అని కాగితం వచ్చింది. నేను పొంగిపోయి ఐదు వేల స్టిక్కర్లు అచ్చేయించాను. ఈ లెక్చరరు గారే చూసి, "ఎంత మోతాదు దగ్గర?" అని ఒకే ప్రశ్న అడిగారు. కాగితంలో ఆ మాటే లేదు. మోతాదు చెప్పకుండా శాతం చెప్పడమంటే, ఎన్ని ఎకరాలో చెప్పకుండా ముప్పై పుట్లు పండించానని చెప్పడమే. డబ్బాడు పోస్తే కిరసనాయిలుతో కూడా ఎంతోకొంత రంగు విరుగుతుందేమో. సగం రంగు పోవడానికి ఎంత మోతాదు పట్టిందో చెప్పే అంకె ఐసీ50, అది ఎంత తక్కువైతే అంత బలం. పక్కనే విటమిన్ సీతోనో, బీహెచ్‌టీ అనే నిల్వమందుతోనో పోల్చి చూపాలి. వాటి అంకెలు మైక్రోగ్రాముల్లో ఉంటాయి, మామూలు సుగంధ తైలాలవి చాలాసార్లు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. అంటే వెయ్యి రెట్ల తేడా. కొందరు ఆ ప్రమాణం రాసిన చోట అక్షరం చిన్నది చేస్తారు. ఆ స్టిక్కర్లు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి, వెనకవైపు మా మనవరాలు బొమ్మలు వేసుకుంటుంది.

పైగా గాజుగొట్టంలో రంగు విరగడం వేరు, ఎండుచేపలో కొవ్వు నిలవడం వేరు, మనిషి ఒంట్లో జరిగేది మరీ వేరు. మూడింటినీ ఒక తాటికి కట్టేవాళ్ళ మాట నమ్మబాకండి.

సరే, మన తీరంలో తైలం వచ్చే మొక్కలే లేవా అంటే ఉన్నాయి. తుంగముస్తలు ఉన్నాయి. ఎండబెట్టి దంచి బట్టీ పడితే కర్పూరం, మట్టి కలిసిన వాసనతో చిక్కటి తైలం దిగుతుంది, నూరు కిలోలకు అరకిలో నుంచి కిలో వరకూ రావచ్చు. సైపరీన్, ఆల్ఫా సైపరోన్ లాంటివి అందులో ఉంటాయి. అత్తరు వాళ్ళు, ఆయుర్వేదం వాళ్ళు కొంటారు. కానీ గడ్డలు తవ్వి, వేర్లు కాల్చి, కడిగి ఎండబెట్టే చాకిరీ ఎంతో వరిచేలో తుంగ పీకిన మీకు చెప్పక్కర్లేదు. ఇసక దిబ్బల మీద కుక్కతులసి ఉంటుంది. ఇది చూడటానికి ఒకటే మొక్క, తైలంలో మాత్రం నాలుగు రకాలు. ఒకచోట కర్పూరం, ఒకచోట మిథైల్ సిన్నమేట్, ఒకచోట సిట్రాల్, ఒకచోట లినలూల్. రెండు ఊళ్ళ సరుకు కలిపితే కొనేవాడు తిప్పి పంపుతాడు, నాకు అనుభవమే. కాలవ గట్ల మీద మొగలి ఉంది. మగ పొత్తుల నుంచి తీసే తైలంలో ముఖ్యమైనది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్, అది బిర్యానీకి వాసన ఇస్తుంది, యాంటీ ఆక్సిడెంట్ పని దాని నుంచి ఆశించకండి. ఆ వ్యాపారం ఒడిశాలో గంజాం జిల్లా వాళ్ళ చేతిలో ఎప్పట్నుంచో ఉంది, వాళ్ళతో పోటీ పడటం కష్టం. గట్టి యాంటీ ఆక్సిడెంట్ తైలమే కావాలంటే అడవి మొక్కల వెంట తిరగక్కర్లేదు, వాము గింజలు కొనండి, నూరు కిలోలకు రెండు మూడు కిలోల తైలం దిగుతుంది. దాని లెక్క కూడా కట్టి చూశాను, గింజ ధర పెరిగిన ఏడు నష్టమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఎండుచేపలు. నా లెక్కన మీకు అసలు పనికొచ్చేది ఇదే, తైలం కాదు.

కవళ్ళు, కానాగంతలు లాంటి కొవ్వు చేపల్లో ఉండే కొవ్వు మనుషులకు ఎంత మంచిదో అంత తొందరగా చెడుతుంది. పొట్ట దగ్గర పసుపు తిరిగి, గొంతుకు గీసుకుపోయే మక్కు వాసన వస్తుందే, అది ఆ గొలుసు చివరి ఫలితం. ఉప్పు కుళ్ళకుండా ఆపుతుంది గాని, ఈ మక్కు వాసనను ఆపదు సరికదా తొందర చేస్తుంది. నాసిరకం ఉప్పులో ఉండే ఇనుము, రాగి జాడలు ఇంకా తొందర చేస్తాయి. తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఎండుచేప పెడితే ఎందుకు పాడవుతుందో ఇప్పుడు అర్థమైందిగా. కాబట్టి ముందు చేయాల్సినవి: చేప తాజాగా ఉండగానే పేగులు, మొప్పలు తీసి రక్తం పోయేదాకా కడగడం, తెల్లటి శుభ్రమైన ఉప్పు వాడటం, ఇసకలో కాకుండా వెదురు తడకల మీద ఎండబెట్టడం, బాగా ఎండాక గాలి చొరని కవర్లో చీకట్లో దాచడం. కవరు పారదర్శకంగా ఉంటే కొనేవాళ్ళకు చేప కనబడుతుంది, వెలుతురుకు కూడా కనబడుతుంది. మీరేదో ఒకటి ఎంచుకోవాలి.

తైలంతో నేనూ ఒక ప్రయోగం చేశాను, దీన్ని పరిశోధన అనకండి, మా వంటింటి ముచ్చట. ఎండిన కవళ్ళు పొడి కొట్టించి మూడు సీసాల్లో పోశాను. ఒకదాంట్లో ఏమీ కలపలేదు. ఒకదాంట్లో రెండు చుక్కల వాము తైలం. ఒకదాంట్లో ఉడికించి పిండి నీడన ఎండబెట్టిన ఇలకూర పొడి రెండు చెంచాలు. మొదట మక్కింది ఏమీ కలపనిదే. ఇలకూర పొడి వేసింది దానికంటే కొన్నాళ్ళు ఎక్కువ నిలిచింది, అలాగని అద్భుతమేమీ కాదు. వాము తైలం వేసింది అన్నిటికంటే బాగా నిలిచింది. ఎందుకంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది చేపల పొడా, కడుపునొప్పి మందా?" అంది. సుగంధ తైలాలను తిండిలో నిల్వకు వాడటంలో ఉన్న పెద్ద చిక్కు ఇదే. పనిచేసే మోతాదు వేస్తే వాసన తినలేం, తినగలిగే మోతాదు వేస్తే పనిచేయదు. యూరప్‌లో ఈ392 అనే నంబరుతో రోజ్‌మేరీ సారం ఒకటి అనుమతించారు. అది తైలం కాదు, వాసన చాలావరకు తీసేసి ఎగరని ఫినాల్స్ మిగిల్చిన సారం. అంటే వాళ్ళు కూడా చివరికి బట్టీ అడుగున ఉండిపోయేదాని దగ్గరికే వచ్చారు.

ఇలకూర పొడి వాడాలనుకుంటే ఒక జాగ్రత్త. ఆకుపచ్చదనం, అంటే క్లోరోఫిల్, వెలుతురు తగిలితే ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి కొవ్వును చెడగొట్టే పక్షానికి మారిపోతుంది. చీకట్లో ఉంచితేనే ఆ పొడి మీ పక్షం.

రొయ్యల పచ్చడికి మరీ సులువు. నువ్వుల నూనె వాడండి. అందులో సెసామాలిన్ ఉంటుంది, వేడికి దానిలోంచి సెసమాల్ పుడుతుంది, అది నికార్సైన ఫినాల్. మిగతా నూనెల కంటే నువ్వుల నూనె పచ్చడి మక్కకుండా ఉండటానికి కారణం అదే. పసుపు, మిరప, వెల్లుల్లి తమ వంతు చేస్తాయి. మీకు నిల్వమందు మీ పోపుగిన్నెలోనే ఉంది. టీబీహెచ్‌క్యూ లాంటి మందులు వేసిన ప్యాకెట్ నూనె కొంటే దాని హద్దు కిలోకు 200 మిల్లీగ్రాములే, మళ్ళీ మీరు పైన కలపకండి. సరుకు నిలుస్తోందో లేదో తెలియాలంటే ఫుడ్ ల్యాబులో పెరాక్సైడ్ విలువ, అంటే కొవ్వు ఎంత చెడిందో చెప్పే అంకె, చూపించండి. యాంటీ ఆక్సిడెంట్ శాతం కంటే ఆ ఒక్క అంకె మీకు ఎక్కువ పనికొస్తుంది.

మరి ఇలకూరతో ఏం చేయాలి? తినండి. మా మేనత్తది రామతీర్థం దగ్గర పల్లె. మొదటిసారి నేను వండబోతుంటే పొయ్యి దగ్గరికి వచ్చి "ఆ కూర్లో ఉప్పెయ్యబాక అబ్బయా, అదే ఉప్పు" అని చెయ్యి పట్టుకుంది. ఆకు దూసి, మరిగే నీళ్ళలో వేసి ఒక పొంగు రాగానే నీళ్ళు వంచేసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఇంకో పొంగు, మళ్ళీ వంచి గట్టిగా పిండి, పెసరపప్పులోనో పచ్చిరొయ్యల్లోనో వేసేది. నీళ్ళు వంచేటప్పుడు కొంత విటమిన్ సీ, ఎర్ర రంగు, కొన్ని ఫినాల్స్ పోతాయి, నిజమే. పోనివ్వండి. ఆ నీళ్ళతో పోయే ఉప్పు విలువ ఎక్కువ. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వంచి వండినా సరే, డాక్టరును అడగకుండా తినొద్దు. వంగరెడ్డికూరలో ఆక్జలేట్లు కూడా ఉంటాయి, రాళ్ళ బాధ ఉన్నవాళ్ళకు అదీ వద్దు.

ఎక్కడ కోస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఈ మొక్కలు ఉప్పుతో పాటు నేలలో ఉన్న లోహాలనూ లాగేసుకుంటాయి. రొయ్యల గుంటల నీళ్ళు వదిలే కాలవ గట్టున, బూడిద పడే చోట, ఊరి మురుగు కలిసే చోట ఎంత లేతగా ఉన్నా ముట్టుకోవద్దు. సముద్రపు పోటు నీళ్ళు వచ్చి పోయే చోట కోయండి, వేర్లతో సహా పీకకుండా చిగురు గిల్లండి.

అమ్మకమే కావాలంటే ఎండబెట్టిన ఇలకూర పొడి, లేదా ఉప్పు బదులు వాడే కూర ఉప్పు లాంటివి ఆలోచించండి. గుజరాత్‌లో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కొయ్యలకూర జాతి మొక్క నుంచే అలాంటి ఉప్పు తీసి చూపించింది. తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఎలాగూ కావాలి. అడవి మొక్కను వ్యాపారానికి వాడుతున్నారు కాబట్టి 2002 జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందే తెలపాల్సి ఉంటుందేమో మండలాఫీసులో కనుక్కోండి. కవరు మీద షుగరు తగ్గిస్తుంది, క్యాన్సర్ రానివ్వదు లాంటి మాటలు మాత్రం వేయించకండి. జబ్బులు నయమవుతాయని ప్రకటనలు వేయకుండా ఆపే 1954 నాటి చట్టం ఒకటి ఉంది, స్టిక్కర్లు అటకెక్కడంతో పోదు.

ఇంత చెప్పినా మీకు ఒక మూల అనుమానం మిగిలే ఉంటుంది, నాకు తెలుసు, నాకూ నలభై కిలోలు ఉడికేదాకా పోలేదు. ఆకులో తైలం ఎంత ఉందో కొలిచే క్లెవెంజర్ అనే చిన్న గాజు పరికరం నా దగ్గర ఉంది, 1928లో కనిపెట్టినది, ఇప్పటికీ దానికి మించింది లేదు. అరకిలో ఆకు పడుతుంది. సంఘంలో ఇద్దరు ముగ్గురు ఒక బుట్ట ఇలకూర, ఒక బుట్ట వంగరెడ్డికూర, పావుకిలో వాము తీసుకుని పొద్దున్నే రండి. యూనిట్ అమ్మే ఆయన్ని కూడా రమ్మనండి. మూడూ వరసగా పెడదాం, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, సాయంత్రానికి ఏది తేలుతుందో అందరం చూద్దాం.